ఎముకకు ఊతం కట్టే చదువు

ఎముకల డాక్టరంటే మనలో చాలామందికి గుర్తొచ్చేవి సుత్తి, రంపం, డ్రిల్లు. "వడ్రంగం పనికి అన్నేళ్ల చదువెందుకురా?" అని మా హాస్టల్లో ఒక మిత్రుడు హాస్యమాడితే అందరం పగలబడి నవ్వాం. నవ్విన వాళ్లలో నేనూ ఉన్నాను. ఆ తరువాత కొద్ది నెలలకే ఒక జిల్లా ఆసుపత్రిలో మా నాన్న మంచం పక్కన పదకొండు రాత్రులు గడపవలసి వచ్చింది. అక్కడ కళ్లారా చూసిందీ, డాక్టర్లను అడిగి తెలుసుకున్నదీ, తిరిగొచ్చాక లైబ్రరీలో కూర్చుని చదివిందీ కలిపి ఈ వ్యాసం రాస్తున్నాను. ఎముకల శస్త్రవైద్యుడు ఎలా తయారవుతాడు, ఆ తయారీలో జిల్లా ఆసుపత్రికి చోటు ఎందుకుండాలి అన్నదే ఇందులో విషయం.

ముందుగా ఒక చెయ్యి సంగతి

మా చిన్నాన్న కొడుకు ఎనిమిదేళ్లప్పుడు నేరేడు చెట్టు మీదనుంచి పడ్డాడు. మోచేతికి కాస్త పైన ఎముక విరిగింది. పక్క ఊళ్లో నాటుకట్టు కట్టే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన వెదురు బద్దలు పెట్టి, కోడిగుడ్డు సొనలో తడిపిన గుడ్డ చుట్టి, గట్టిగా బిగించి పంపాడు. పిల్లవాడు రాత్రంతా ఏడ్చాడు. "కట్టు బిగువుగా ఉంటేనే గదా ఎముక అతికేది, ఓర్చుకోవాలి" అని పెద్దవాళ్లు సముదాయించారు. మూడో రోజుకి ఏడుపు ఆగింది. నొప్పి తగ్గిందని ఇంటిల్లిపాదీ సంతోషించాం. నెల తరువాత కట్టు విప్పి చూస్తే ఎముక చక్కగా అతికి ఉంది. వేళ్లు మాత్రం లోపలికి ముడుచుకుపోయి, తెరిస్తే తెరుచుకోవడం లేదు. ఇప్పుడు వాడికి పదహారేళ్లు. ఆ చేత్తో పలుపు పట్టుకోలేడు, పెన్నూ పట్టుకోలేడు.

ఎముక అతికింది, చెయ్యి పోయింది. ఇదెలా జరుగుతుందో తెలుసుకోవడమే ఎముకల వైద్యవిద్యలో సగం అని నాకు తరువాత అర్థమైంది. ఆ లెక్క చివరికి చెబుతాను.

పేరులో ఉన్న మొక్క

ఆర్థోపెడిక్స్ అనే మాట 1741లో పుట్టింది. నికొలస్ ఆండ్రీ అనే ఫ్రెంచి వైద్యుడు తన పుస్తకానికి పెట్టుకున్న పేరది. తిన్నగా అనీ, బిడ్డ అనీ అర్థమిచ్చే రెండు గ్రీకు మాటలను ఆయన జతచేశాడు. పిల్లల అవయవాల్లోని వంకరలను సరిచెయ్యడం గురించి తల్లిదండ్రులకు చెప్పడానికి రాసిన పుస్తకం అది. అందులో ఒక బొమ్మ ఉంది: వంకర తిరిగిన చెట్టుకు పక్కన ఒక గుంజ పాతి, తాడుతో చుట్టి కట్టారు. ప్రపంచంలో ఎన్నో ఎముకల వైద్య సంఘాలు ఈనాటికీ ఆ బొమ్మనే తమ చిహ్నంగా వాడుకుంటున్నాయి.

రైతు ఇంట పుట్టినవాడికి ఆ బొమ్మను విప్పి చెప్పక్కర్లేదు. గాలికి ఒరిగిన మామిడి మొక్కకు కర్ర పాతి అరటినారతో కడతాం. వదులుగా కడితే మొక్క నిలవదు. బిగించి కడితే నార బెరడులోకి దిగి మొక్క ఎండిపోతుంది. ఎలా కట్టినా పెరగవలసింది మొక్కే, కర్ర దాన్ని పెంచదు.

ఎముక సంగతీ అంతే. విరిగిన ఎముకను డాక్టరు అతికించడు, శరీరమే అతికించుకుంటుంది. విరిగిన చోట ముందు రక్తం గడ్డకడుతుంది. రెండు మూడు వారాల్లో అక్కడ మెత్తని కణజాలం పెరిగి రెండు కొసలనూ కలుపుతుంది. దాన్ని కేలస్ అంటారు. తరువాతి వారాల్లో దానిలో కాల్షియం చేరి గట్టిపడుతుంది. ఆ పైన నెలలూ, సంవత్సరాలూ పట్టే చెక్కుడు పని మొదలవుతుంది. బరువు పడేచోట ఎముక దళసరి అవుతుంది, పడనిచోట అరిగిపోతుంది. దీన్ని సూత్రంగా చెప్పినవాడు జర్మన్ వైద్యుడు జూలియస్ వోల్ఫ్, 1892లో. పెద్దవాళ్లలో చేతి ఎముకకు సుమారు ఆరు వారాలు, కాలి ఎముకకు పన్నెండు వారాలు అని డాక్టర్లు ఉజ్జాయింపుగా లెక్క వేసుకుంటారు. పసిపిల్లల్లో ఇంకా తొందరగా అతుకుతుంది. పొగతాగేవాళ్లలో ఆలస్యమవుతుంది.

మరి డాక్టరు చేసేదేమిటి? కొసలను సరైన వరుసలో నిలపడం, కదలకుండా పట్టి ఉంచడం, అక్కడికి రక్తం అందేలా చూడడం. చెప్పడానికి మూడు మాటలే. నేర్చుకోవడానికి పట్టే కాలం మాత్రం తక్కువది కాదు.

ఎన్నేళ్ల చదువు

ఇంటర్మీడియట్ తరువాత నీట్ రాసి ఎం.బి.బి.ఎస్.లో చేరితే నాలుగున్నరేళ్ల చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్, వెరసి అయిదున్నరేళ్లు. తరువాత పి.జి. నీట్. అందులో మంచి ర్యాంకు వస్తే ఎం.ఎస్. ఆర్థోపెడిక్స్ సీటు. అది మూడేళ్లు. నేషనల్ బోర్డువారి డి.ఎన్.బి. అనే మార్గం కూడా ఉంది, అదీ మూడేళ్లే. ఎక్కడా ఒక్క ఏడాది పోగొట్టుకోకుండా వెళ్లినా ఎముకల డాక్టరయ్యేసరికి ఇరవై ఆరు, ఇరవై ఏడేళ్లు వస్తాయి. వెన్నెముక, చెయ్యి, కీళ్ల మార్పిడి, పిల్లల ఎముకలు లాంటి వాటిలో ప్రత్యేక శిక్షణ కావాలంటే మళ్లీ ఒకటో రెండో ఏళ్లు.

మూడేళ్లలో మొదటి ఏడాది కత్తి కంటే పిండికట్టుతోనే ఎక్కువ పని. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అంటే మన కెమిస్ట్రీ వాళ్లకు తెలిసిన కాల్షియం సల్ఫేట్ అర్ధ హైడ్రేటే. నీళ్లు తగలగానే జిప్సంగా మారి గట్టిపడుతుంది, ఆ చర్యలో వేడి పుడుతుంది. నీళ్లు మరీ వేడిగా ఉన్నా, కట్టు మరీ దళసరిగా వేసినా చర్మం కాలవచ్చు. కట్టు వేస్తున్నప్పుడు అరచేతులతోనే పట్టుకోవాలట. వేళ్లతో పట్టుకుంటే లోపల నొక్కులు పడి పుండ్లు లేస్తాయి. ఈ కట్టును 1850ల తొలినాళ్లలో వాడుకలోకి తెచ్చినవాడు మథైసెన్ అనే డచ్చి సైనిక వైద్యుడు. ఇప్పటికీ కుర్ర డాక్టరు నేర్చుకునే మొదటి విద్య అదే.

రెండో ఏడాది ఆపరేషనులో పెద్ద డాక్టరుకు చెయ్యి అందించడం, మూడో ఏడాది పెద్ద డాక్టరు పక్కన నిలబడి చూస్తుండగా తాను చెయ్యడం. అక్కడ కొలతలన్నీ మిల్లీమీటర్లలో ఉంటాయి. నాలుగున్నర మిల్లీమీటర్ల మర బిగించడానికి ఎముకలో 3.2 మిల్లీమీటర్ల రంధ్రం వెయ్యాలి. రంధ్రం పెద్దదైతే మర పట్టదు, డ్రిల్లు జారి అవతలికి దిగితే అక్కడ నరమో, రక్తనాళమో ఉంటుంది. సీ-ఆర్మ్ అనే ఎక్స్‌రే యంత్రం కింద పని చేసేటప్పుడు సీసపు ఆప్రాను వేసుకుని గంటలకొద్దీ నిలబడాలి. దూరం రెట్టింపైతే కిరణాల తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుందని మనం ఫిజిక్సు పరీక్షలో రాసి మరచిపోతాం. వాళ్లు దాన్ని రోజూ ఆచరిస్తారు.

వీటితోపాటు ఒక థీసిస్ రాయాలి. చివర నాలుగు థియరీ పేపర్లు, తరువాత ప్రాక్టికల్సు. రోగిని పరీక్షించి జబ్బు తేల్చాలి. ఎముకను, పనిముట్టును, ఎక్స్‌రేను ముందుపెట్టి ప్రశ్నలు వేస్తారు. కండబలం ఉన్నవాళ్ల శాఖ అనే అపోహ వల్ల కాబోలు, మన దేశంలో ఇందులో ఆడవాళ్లు ఇప్పటికీ తక్కువే. వార్డులో చూశాక అది అపోహేనని నాకు తోచింది. అక్కడ కావలసింది బలం కన్నా ఓపిక. మన కాలేజి సోదరీమణుల చెల్లెళ్లలో ఎవరైనా ఈ దారిన వెళ్లాలనుకుంటే వెనక్కి లాగకండి.

జిల్లాలో మూడు నెలలు

ఈ చదువంతా ఎక్కువగా పెద్ద నగరాల్లోని బోధనాసుపత్రుల్లోనే జరుగుతుంది. కాని 2020లో ఒక ముఖ్యమైన మార్పు వచ్చింది. జిల్లా రెసిడెన్సీ అనే పేరుతో, పి.జి. వైద్య విద్యార్థులంతా మూడు నెలలపాటు జిల్లా ఆసుపత్రిలో పని చెయ్యాలని నిబంధన చేశారు. మూడు, నాలుగు, అయిదు సెమిస్టర్లలో ఎప్పుడైనా వెళ్లవచ్చు. అక్కడి స్పెషలిస్టుల పర్యవేక్షణలో ఓ.పి., వార్డు, క్యాజువాలిటీ, రాత్రి డ్యూటీలు అన్నీ చెయ్యాలి.

మా నాన్న కాలు విరిగిన రోజు డ్యూటీలో ఉన్నది అలా వచ్చిన డాక్టరుగారే. ట్రాక్టరు గట్టు ఎక్కుతూ పక్కకు ఒరిగి నాన్న కాలు కింద నలిగింది. మోకాలి కింద రెండు ఎముకలూ విరిగాయి. మేం ఆసుపత్రి చేరేసరికి చీకటి పడింది. డాక్టరుగారికి మహా అయితే ఇరవై ఎనిమిదేళ్లుంటాయి. ఆయన కాలు చుట్టూ పూర్తి కట్టు వెయ్యలేదు. వెనకవైపు మాత్రం పిండిపట్టీ ఆనించి, పైన గుడ్డ వదులుగా చుట్టాడు. "పూర్తిగా కట్టండి సార్, లేకపోతే ఎముక కదలదా?" అన్నాను. "వాపు వస్తుంది తమ్ముడూ. వాపుకి చోటు ఇవ్వాలి" అన్నాడు.

ఆ రాత్రి ఆయన గంటగంటకీ వచ్చాడు. ప్రతిసారీ ఒకే పని. "పెద్దాయనా, వేళ్లు కదపండి." తరువాత తానే బొటనవేలు పట్టుకుని మెల్లగా పైకి వంచి, "ఇప్పుడు నొప్పి ఎక్కువవుతోందా?" అని అడిగేవాడు. రెండు గంటల వేళ నాన్నకు నొప్పి బాగా పెరిగింది. వెంటనే గుడ్డంతా కత్తిరించి, లోపలి దూదిని చర్మం దాకా విప్పి, కాలు గుండె మట్టానికి ఉండేలా సర్ది, పెద్ద డాక్టరుగారికి ఫోను చేశాడు. కుర్చీ లాక్కుని మంచం పక్కనే కూర్చున్నాడు. తెల్లవారుజాముకి నొప్పి దిగింది. వాపు తీశాక అయిదో రోజున అక్కడే పెద్ద డాక్టరుగారూ ఆయనా కలిసి ఎముక లోపలికి కడ్డీ దించారు.

ఒక రోజు తీరిక చిక్కితే ఆయన్ని అడిగాను, కాలేజీ ఆసుపత్రికీ ఇక్కడికీ తేడా ఏమిటని. "అక్కడ నా పైన నలుగురుంటారు. ఏ యంత్రమైనా ఉంటుంది. ఇక్కడ రాత్రిపూట వార్డులో నేనూ, సిస్టరుగారూ. ఏది ఇక్కడ చెయ్యగలం, ఏది పైకి పంపాలి అని నేనే ముందు తేల్చుకోవాలి. పంపితే దారిలో మూడు గంటలు ఆ కాలు ఏమవుతుందో కూడా నేనే ఆలోచించాలి. అక్కడ ఉన్నప్పుడు, జిల్లాల నుంచి వచ్చే కేసుల్ని చూసి ఎందుకిలా పంపారని విసుక్కునేవాణ్ణి. ఇప్పుడు ఆ చీటీ రాసేది నేనే" అన్నాడు.

ఆరు గంటల లెక్క

అప్పుడే మా తమ్ముడి చెయ్యి సంగతి ఆయనతో చెప్పాను. ఒక కాగితం తీసుకుని బొమ్మ గీసి వివరించాడు.

ముంజేతిలోనూ, పిక్కలోనూ కండరాలు గట్టి పొరల మధ్య అరలు అరలుగా ఉంటాయి. ఆ పొర సాగదు. ఎముక విరిగితే లోపల రక్తం, నీరు చేరి వాపు వస్తుంది. సాగని సంచిలో వాపు వస్తే ఒత్తిడి పెరుగుతుంది. పైనుంచి బిగువు కట్టు కూడా ఉంటే ఇంకా పెరుగుతుంది. ఆ ఒత్తిడి సన్నని రక్తనాళాలను మూసేస్తుంది. పెద్ద ధమని మాత్రం అంత తొందరగా మూసుకోదు కనుక మణికట్టు దగ్గర నాడి కొట్టుకుంటూనే ఉండవచ్చు, చూసినవాళ్లు మోసపోతారు. రక్తం అందని కండరం సుమారు ఆరు గంటలకు తిరిగి కోలుకోలేని స్థితికి చేరుతుంది. తరువాత అది నారలా మారి కురచబడుతుంది, వేళ్లను లోపలికి లాగేస్తుంది. జర్మన్ శస్త్రవైద్యుడు ఫోక్‌మన్ 1881లోనే దీన్ని వర్ణించాడు. బిగువు కట్లే కారణమని ఆనాడే చెప్పాడు.

గుర్తులు రెండు. దెబ్బకు మించిన నొప్పి, వేలు చాపితే భరించలేని నొప్పి. కట్టు పూర్తిగా విప్పాలి. అప్పటికీ తగ్గకపోతే చర్మాన్నీ, ఆ పొరనూ నిలువునా కోసి ఒత్తిడి వదలాలి. అంత పెద్ద కోత రాత్రి రెండు గంటలకు కొయ్యాలా వద్దా అన్న నిర్ణయం తీసుకునే ధైర్యం పుస్తకం చదివితే రాదు.

అంతా చెప్పి ఆయన కాసేపు ఊరుకున్నాడు. తరువాత, "మూడో రోజుకి ఏడుపు ఆగిందన్నావు చూడు, అది నొప్పి తగ్గి కాదు తమ్ముడూ. నరం చచ్చిపోయి" అన్నాడు.

ఆ మాట మా చిన్నమ్మతో నేనింతవరకు చెప్పలేదు.

మారిన జబ్బులు

ఒకప్పుడు మన ఆసుపత్రుల్లో ఎముకల వార్డంటే పోలియో పిల్లలే. హైదరాబాదులోని నిమ్స్ మొదట నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రిగానే ప్రారంభమైంది. తిరుపతిలో దేవస్థానంవారి బర్డ్ ఆసుపత్రి పోలియో బాధితులెందరికో శస్త్రచికిత్సలు చేసింది. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాలులో నమోదైంది. 2014 మార్చి 27న పోలియో రహిత ప్రాంతంగా ధృవీకరణ వచ్చింది. ఆ మంచాలు ఖాళీ కావలసింది. కాని వాటిని రోడ్లు నింపేశాయి. 2022 ఒక్క సంవత్సరంలో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు, 4,43,366 మంది గాయపడ్డారు. ఇవి కేంద్రప్రభుత్వ నివేదికలోని అంకెలు.

దానికితోడు మన పల్లెల గాయాలు వేరు. గడ్డి కోసే మిషనులో వేళ్లు, నూర్పిడి మిషనులో చెయ్యి, తాటిచెట్టు మీదనుంచి పడ్డ గీత కార్మికుడి వెన్నెముక. పొలంలో అయిన గాయంలో మట్టీ, పేడా ఉంటాయి. ముందు గంటల తరబడి కడిగి, చచ్చిన కండను తీసెయ్యాలి, ఎముక సంగతి ఆ తరువాతే. తొడ ఎముక విరిగితే పైకి చుక్క కనిపించకుండానే లోపల ఒక లీటరుకు పైగా రక్తం పోవచ్చు. ఇలాంటివి నగరానికి చేరేదాకా ఆగవు. చేరువలో చెయ్యి తిరిగిన వైద్యుడు ఉండాలి.

పెద్ద ఊళ్లోనే పెద్ద విద్యా?

జిల్లాలో ఏం నేర్చుకుంటారు అని తీసిపారేసేవారికి రెండు ఉదాహరణలు. ఇలిజరోవ్ అనే సోవియట్ వైద్యుడు సైబీరియాలోని కుర్గాన్ అనే దూరపు పట్టణంలో 1950లలో పని చేస్తూ, ఎముక చుట్టూ ఇనుప చక్రాలు, సన్నని తీగలు బిగించి, రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున ఎముకను సాగదీసే పద్ధతిని రూపొందించాడు. పాశ్చాత్య దేశాల వైద్యులు దాన్ని నేర్చుకున్నది 1980లలో. రెండోవాడు లివర్‌పూల్‌కు చెందిన హ్యూ ఓవెన్ థామస్. ఆయన తండ్రి నాటుకట్లు కట్టేవాడు. కొడుకు వైద్యం చదివి, ఒక వలయమూ రెండు ఇనుప కడ్డీలతో తొడకు కట్టు చేశాడు. అది మొదటి ప్రపంచయుద్ధంలో లెక్కలేనంతమంది సైనికుల ప్రాణాలు నిలిపింది. మా నాన్న వార్డులో రెండు మంచాల అవతల ఒకాయన కాలికి కట్టినది ఆ థామస్ కట్టే.

అందుచేత నాటుకట్టు కట్టేవారిని తిట్టడం నా ఉద్దేశం కాదు. చిత్తూరు ప్రాంతపు పుత్తూరు కట్టుకు ఇతర రాష్ట్రాల నుంచి కూడా జనం వస్తారు. మా ఊరి జనం కూడా ఆసుపత్రి అంటే ఇష్టం లేక అక్కడికి పోరు. ఆసుపత్రి దూరం, ఖర్చు, అక్కడ కసురుకుంటారని భయం. కట్టు కట్టే ఆయన పక్క ఊళ్లోనే ఉంటాడు, పేరు పెట్టి పిలుస్తాడు. డాక్టరు కూడా అంత దగ్గరగా ఉంటే జనం ఆయన దగ్గరికే వెళతారు. మూడు నెలలకు వచ్చినవాళ్లలో కొందరైనా చదువయ్యాక ఆ జిల్లాలోనే ఉండిపోయేటట్లు జీతం, పనిముట్లు, ఉండడానికి ఇల్లు కల్పిస్తేనే ఈ ఏర్పాటుకు పూర్తి ప్రయోజనం.

మిత్రులారా, మనలో డాక్టర్లయ్యేవారు ఎవరూ లేకపోవచ్చు. కాని సెలవులకు ఊరు వెళ్లినప్పుడు ఎముక విరిగినవాళ్లు ఎదురుకావడం ఖాయం. విరిగినచోట పిసకకండి, లాగకండి. పైన ఒక కీలు, కింద ఒక కీలు కదలకుండా కర్ర ఆనించి వదులుగా కట్టండి. గాయం ఉంటే పసుపూ, కాఫీపొడీ అద్దకుండా శుభ్రమైన గుడ్డ కప్పండి. 108కి ఫోను చెయ్యండి. ఎవరు కట్టిన కట్టయినా సరే, ఆ రాత్రి వేళ్లు కదుపుతున్నాడా లేదా అని గంటకొకసారి చూడండి. నొప్పి పెరుగుతుంటే ఓర్చుకోమని మాత్రం చెప్పకండి. ఆ ఒక్కమాట మాకు ఎనిమిదేళ్ల కిందట ఎవరైనా చెప్పి ఉంటే, మా తమ్ముడు ఈ సంవత్సరం పదో తరగతి పరీక్ష ఆ చేత్తోనే రాసేవాడు.

నాన్న ఇప్పుడు కర్ర లేకుండా గట్టు మీద నడుస్తున్నాడు. ఆ డాక్టరుగారు మూడు నెలలు పూర్తిచేసుకుని కాలేజీకి తిరిగి వెళ్లిపోయారు. ఆయన స్థానంలో మరొకరు వచ్చారని విన్నాను.